ఐసు ఫ్యాక్టరీలో వన్స్ మోర్

మా బావని కరెంటు కచేరీకి తీసుకెళ్తున్నామంటే మా వీధిలో నవ్వనివాడు పాపాత్ముడు. హార్మోనియం గురునాథం అంటే ఒకప్పుడు విజయనగరం చుట్టుపక్కల నాటకం ఆడే ప్రతి ఊరికీ తెలుసు. పెట్రోమాక్సు లైట్ల కింద తెల్లారేదాకా వాయించిన మనిషి. ఊళ్లోకి కీబోర్డులు వచ్చిన కొత్తలో "అది వాయిద్యం కాదు, కాలింగ్ బెల్లు" అన్నవాడు. అలాంటివాడు డెబ్బై దాటాక తలకి తీగల టోపీ పెట్టుకుని, విశాఖపట్నం చేపలరేవు పక్కన మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో, ముక్కులకి రింగులు పెట్టుకున్న కుర్రకారు మధ్య కూర్చోబోతున్నాడు.

"మీ బావకి మతి గాని పోయిందేటి పైడమ్మా?" అని ఎదురింటి మాణిక్యం గేటు దగ్గరే పట్టుకుంది.

"పోలేదు. ఉన్న మతినే పట్టుకెళ్లి పదిమందికీ వినిపిస్తాడట" అన్నాను. దానికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకూ లేదు.

నా పేరు పైడితల్లి. బావ భార్య వరహాలు నాకు తోడబుట్టిన అక్క. నాటకాల కంపెనీలో అక్క రాణి వేషాలు కట్టేది, నేను తెరవెనక అందరి మొహాలకీ రంగు పూసేదాన్ని. అక్క పద్యం ఎత్తుకుంటే పిల్లల్ని ఎత్తుకుని ఇంటికి బయల్దేరినవాళ్లు కూడా వెనక్కి తిరిగి నిలబడిపోయేవారు. అక్క పోయింది. దాని పాట ఉన్న ఒకే ఒక్క క్యాసెట్టు తుఫానుకి ఇంటి పెంకులు లేచిపోయిననాడు నీళ్లలో నాని జిగురైపోయింది. ఆ తర్వాత ఆ పాట ఈ భూమ్మీద ఉన్న చోటు ఒక్కటే, మా బావ బుర్ర.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు విపంచి. చెవుడు వచ్చినవాళ్లకి ఏదో మేలు చేద్దామని పెద్ద చదువులు చదివి, ఏళ్ల తరబడి ప్రయోగశాలలో కూర్చుని, ఆఖరికి ఇంకోటి కనిపెట్టింది. మనిషి తలలో దాచుకున్న చప్పుడుని బయటికి తీసే యంత్రం. ఈత కొట్టేవాళ్లు పెట్టుకునేలాంటి టోపీ, దాన్నిండా తీగలు, ఇడ్లీ పాత్రంత పెట్టె, రెండు స్పీకర్లు. టోపీ పెట్టుకుని ఒక చప్పుడుని గట్టిగా తలుచుకుంటే అది స్పీకర్లోంచి వచ్చేస్తుంది. దానికేదో ఇంగ్లీషు పేరుంది. నేను నెమరు పెట్టె అన్నాను, ఇంట్లో అదే స్థిరపడింది.

మొదటి పరీక్ష నా మీదే చేసింది. నేను బెండకాయలు తరుగుతుంటే వంటింట్లోకే సామానంతా మోసుకొచ్చి, "పిన్నీ, నీకు బాగా గుర్తున్న చప్పుడు ఒకటి చెప్పు. ఒకవేళ పోయినా నువ్వు బాధపడనిది" అంది.

"మీ నాన్న గురక."

"వేళాకోళం వద్దు పిన్నీ."

అయితే జనపనార మిల్లు కూత అన్నాను. మా నాన్న ఆ మిల్లులోనే పని చేసేవాడు. చిన్నప్పుడు రోజూ ఆ కూతకే లేచేవాళ్లం. టోపీ పెట్టుకుని, కళ్లు మూసుకుని తలుచుకున్నాను. ఒలమ్మా! గూట్లో గిన్నెలు అదిరిపోయేలా మిల్లు కూసింది. మూతపడి ఎన్నేళ్లయిందో, ఆ మిల్లు మా వంటింట్లో కూసింది. నాకు సంబరం పట్టలేదు. "ఇంకోసారి, ఇంకోసారి" అని వెంటనే మళ్లీ తీయించుకున్నాను. మళ్లీ అంత గట్టిగానూ కూసింది.

మర్నాడు విపంచి, ముందురోజు ఫోన్లో రికార్డు చేసిన ఆ కూతని వినిపించింది.

"ఇదేటే, రేవులో ఓడా?" అన్నాను.

పిల్ల మొహం తెల్లబోయింది. "నిన్నటి మిల్లు కూత పిన్నీ. గుర్తు తెచ్చుకో."

తెచ్చుకున్నాను. నాన్న లేచి మొహం కడుక్కోవడం గుర్తుంది. క్యారేజీ పట్టుకుని జనం పరుగెత్తడం గుర్తుంది. కూత మాత్రం లేదు. పైన మిల్లు గొట్టం కనబడుతోంది గాని దాన్నుంచి ఏ చప్పుడూ రావట్లేదు. ఎన్ని వందల పొద్దులు విన్నానో, అన్ని పొద్దుల కూతా ఒక్కసారే పోయింది.

"తలలో చప్పుడు మొక్కలాంటిది పిన్నీ" అంది విపంచి, తరిగిన బెండకాయ ముక్కల్ని ఊరికే అటూ ఇటూ జరుపుతూ. "అన్ని రోజుల కూతా ఒకే వేరు మీద ఉంటుంది. ఒకసారి తీస్తే వేరు కదులుతుంది. వదిలేస్తే కొన్నాళ్లకి మళ్లీ పట్టుకుంటుంది. వెంటనే రెండోసారి తీశామనుకో, మొక్కే ఊడొచ్చేస్తుంది."

"రికార్డు ఉంది కదా. రోజూ వింటే మళ్లీ నాటుకోదా?"

"నాటుకుంటుంది. కానీ అది నీ మిల్లు కాదు. ఎవరో ఫోన్లో వినిపించిన కూత."

నాకు మిల్లు పోయినందుకు పెద్ద దిగులేమీ కలగలేదు. గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న బావ మొహం చూశాకే దిగులు పుట్టింది.

"మీ అమ్మ గొంతు తియ్యమ్మా" అన్నాడు బావ.

"కుదరదు నాన్నా."

"ఎందుకు కుదరదు? ఒకసారైతే ఊడిపోదన్నావు కదా."

విపంచి చాలా చెప్పింది. ఇంకా పరీక్షలు కావాలంది, ఇంకా ఒక్కరి మీదే చూశానంది. బావ అన్నీ విని, "నేను పోతే దాని గొంతు కూడా నాతోపాటే కట్టెల మీదికి వెళ్లిపోతుంది. ఒక మనిషి రెండుసార్లు చావడం అన్యాయం కాదేటి?" అన్నాడు.

"నా తలలోంచి తీస్తే సరిపోదా?" అని నేను అడ్డుపడ్డాను.

"నువ్వు విన్నదంతా తెరవెనక మరదలా. మధ్యలో పౌడరు డబ్బాలు, నీ తిట్లు వినబడతాయి" అన్నాడు. ఆ మాట నిజమే. విపంచి దగ్గరేమో అమ్మ పాటే లేదు. అది పుట్టకముందే అక్క స్టేజీ మానేసింది, ఇంట్లో కూనిరాగం కూడా తీసేది కాదు. "నా దగ్గర ఉన్నదల్లా జడ వేసుకున్నావా, నీళ్లు తాగావా అనే గొంతు. దాన్ని నేను ఎవరికీ ఇవ్వను" అంది.

ఆఖరికి ఒక్కసారే అని ఒప్పందం. విపంచి నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఇంట్లోనే తీద్దామని ఎంత ప్రయత్నించినా హార్మోనియం శ్రుతి తప్ప స్పీకర్లోంచి ఏమీ రాలేదు. "ఖాళీ గదిలో మీ అమ్మ ఏనాడు పాడింది? ఎదురుగా జనం ఉంటేనే నాకు అది గుర్తొస్తుంది" అన్నాడు బావ. అలా మేం ఐసు ఫ్యాక్టరీ దారి పట్టాం.

విపంచి స్నేహితులు నెలకోసారి అక్కడ చేరి కరెంటుతో చప్పుళ్లు చేస్తారు. దాన్ని సంగీతం అంటారు. పూర్వం ఐసు కరిగిపోకుండా ఆ గోడల్లో మందంగా ఊక కూరారట. ఇప్పుడు ఆ ఊకే చప్పుడుని బయటికి పోనివ్వదు. లోపల అరవైమంది కూర్చోవచ్చు, అదీ ఇరుక్కుని. ఎంత కడిగినా చేపల వాసన పోలేదు. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

బావ తన పాత నాటకాలవాళ్లకి కబురు పెట్టాడు. మిగిలినవాళ్లే తక్కువ, వాళ్లంతా వచ్చారు. హాస్యం వేషాలు కట్టిన బంగారయ్య చేతికర్ర పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పెట్టె సంగతి వాళ్లకి బావ సగమే చెప్పాడు. వరహాలు పాట వినిపిస్తానన్నాడు, దానికయ్యే ఖరీదు చెప్పలేదు.

మొదట ఒక అబ్బాయి బోరు మోటారు చప్పుడుని సాగదీసి, నరికి, అతికి వినిపించాడు. మా ఇంట్లో మోటారు అలా కూస్తే మెకానిక్‌ని పిలుస్తాం, వీళ్లు చప్పట్లు కొట్టారు. "గురూ, ఇది పల్లవా, చరణమా?" అని బంగారయ్య గట్టిగానే అడిగాడు. తర్వాత ఒక అమ్మాయి సముద్రం మీద ఓడ కూతల్ని మెల్లిగా, చాలా మెల్లిగా ఒకదానిమీద ఒకటి పేర్చింది. అది విన్నప్పుడు మాత్రం కొంగు ముక్కు మీదనుంచి నాకు తెలీకుండానే జారిపోయింది. బావ కళ్లు మూసుకుని వింటున్నాడు. "శ్రుతి ఉంది దీనికి" అన్నాడు నాతో.

తర్వాత విపంచి ఆయన్ని వేదిక ఎక్కించి టోపీ పెట్టింది. ఇస్త్రీ చేసిన పంచె, సిల్కు లాల్చీ, తల మీద తీగలు. కుర్రాళ్లు ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. బావ వాళ్లకి నమస్కారం పెట్టాడు, వాళ్లు సర్దుకున్నారు.

"రాజాం సంత మైదానం" అన్నాడు మైకులో. "మా ఆవిడని నేను మొదటిసారి విన్ననాడు. అప్పటికి ఆవిడ మా ఆవిడ కాదు."

ఆ నాటకం నాకు బాగా గుర్తు. బావ అప్పుడు వేరే కంపెనీలో వాయించేవాడు, ఊరికే చూడ్డానికొచ్చి ముందు వరసలో చతికిలబడ్డాడు. యుద్ధానికెళ్లే రాజుకి రాణి చెప్పే పద్యం, "దీపముండగ రావయ్య" అని ముగుస్తుంది. అక్క పాడింది. బావ లేచి వన్స్ మోర్ అన్నాడు. మా నాటకాల్లో వన్స్ మోర్ అంటే చట్టం. చచ్చి పడున్న రాజైనా సరే, లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ చావాల్సిందే. అక్క మళ్లీ పాడింది. ఆట అయ్యాక ఈ మనిషి తెరవెనక్కి వచ్చి, రంగు కడుగుతున్న నన్ను పట్టుకుని, "ఏమ్మా, ఆ అమ్మాయికి పెళ్లయిందా?" అని అడిగాడు. "అవలేదు. గానీ హార్మోనియం వాయించేవాళ్లకి ఇవ్వం" అన్నాను నేను. మా నాన్నా అదే అన్నాడు. అక్క ఒక్కతే వినలేదు.

విపంచి మీట నొక్కింది.

ముందు జనం గోల వచ్చింది. పిల్లల ఏడుపు, వేరుశనక్కాయలవాడి కేక, పెట్రోమాక్సు బుస్సుమనడం. తర్వాత ఎవరో హార్మోనియం వాయించారు, "వీడొకడు" అన్నట్టు బావ పెదవి విరిచాడు. ఆ తర్వాత మా అక్క వచ్చింది.

ఎలా చెప్పను! ఆ గొంతు నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అయినా ఎప్పుడూ గుడ్డ తెర వెనకనుంచే విన్నాను. జీవితంలో మొదటిసారి మా అక్క పాట ఎదురుగా కూర్చుని విన్నాను. ఎంత పాడేదమ్మా అది! ఎంత ధైర్యంగా పాడేది! మోటారు అబ్బాయి నోరు తెరిచి చూస్తున్నాడు. విపంచి పెట్టె మీద రెండు చేతులూ పెట్టి తల వంచుకుంది. అది వాళ్లమ్మ పాట వినడం అదే మొదలు. "రావయ్య" దగ్గర అక్క ఊపిరి పట్టి పైకి వెళ్లి, అక్కడే కాసేపు నిలబడి, దిగింది.

వెంటనే స్పీకర్లోంచి ఒక కుర్రాడి కేక. "వన్స్ మోర్!"

మా బావే. పాతికేళ్ల బావ. అక్కడితో ఆపెయ్యాలని ఒప్పందం, విపంచి మీట తిప్పేసింది.

బంగారయ్య కర్ర పట్టుకుని లేచాడు. భుజం మీద కండువా తీసి గాల్లో ఊపుతూ అరిచాడు. "వన్స్ మోర్!"

అతని తప్పేముంది? రాజాంలో గురునాథం కేక వేస్తే పక్కవాళ్లు అందుకోవడం వాళ్లకి అలవాటు. ముసలాళ్లంతా అందుకున్నారు. ముసలాళ్లని చూసి కుర్రాళ్లు అందుకున్నారు. అరవైమందీ కాళ్లతో నేల తడుతూ "వన్స్ మోర్, వన్స్ మోర్" అంటున్నారు. విపంచి మైకులో "కుదరదండీ, దయచేసి వినండి" అంటోంది, ఎవరికీ వినబడట్లేదు.

బావ చెయ్యెత్తాడు. అందరూ ఊరుకున్నారు.

"పెట్టమ్మా" అన్నాడు కూతురితో.

"ఒట్టు వేశావు నాన్నా."

నేను అప్పటికే వేదిక ఎక్కేశాను. "బావా, దిగు. టోపీ తియ్యి. ఇంటికి పోదాం" అని చెయ్యి పట్టుకున్నాను.

"వాళ్లు అడిగింది నన్ను కాదు పైడీ, మీ అక్కని" అన్నాడు బావ. "నువ్వు చెప్పు. జనం అడిగితే మీ అక్క ఏనాడైనా కాదందా? జ్వరంతో ఒళ్లు కాలిపోయిననాడు?"

ఆనాడు నేనే దాని మొహానికి రంగు పూశాను. చెయ్యి పెడితే కాలింది. మూడు పద్యాలకి వన్స్ మోర్ అన్నారు, మూడూ మళ్లీ పాడింది.

"లేదు" అన్నాను.

"మరి కాదనడానికి నేనెవర్ని?"

"నీకు అమ్మ గొంతు ఉండదు నాన్నా" అంది విపంచి. ఏడుస్తోంది. "పాట ఒక్కటే కాదు. నిన్ను పిలిచిన గొంతు కూడా. అంతా పోతుంది."

"నీకు ఉంటుంది కదా." బావ దాని తల దగ్గరికి లాక్కున్నాడు. "ఇప్పటిదాకా నువ్వు మీ అమ్మ పాట విననే లేదు తల్లీ. నిజం చెప్పు. రికార్డయింది మొదటిసారి పాడిందే, రెండోసారి పాడింది కూడా వినాలని లేదా?"

విపంచి లేదని అబద్ధం చెప్పి ఉంటే ఏమయ్యేదో! దానికి అబద్ధం చేతకాదు. మోచేత్తో కళ్లు తుడుచుకుంది. అప్పుడు అది మీట నొక్కింది.

వన్స్ మోర్ అడిగితే అక్క ఎప్పుడూ ముందుకంటే బాగా పాడేది. మొదటిది కంపెనీ కోసం, రెండోది అడిగినవాడి కోసం అనేది. రాజాంలోనూ అంతే. "రావయ్య" అన్న ఒక్క మాటనీ ఎన్ని రకాలుగా పిలిచిందో! కోపంగా ఒకసారి, బతిమాలుతూ ఒకసారి, నువ్వు రావని నాకు తెలుసులే అన్నట్టు ఒకసారి. నేను పాట వింటూ బావనే చూస్తున్నాను. మొదట్లో నవ్వుతున్నాడు, పంచె మీద వేళ్లు హార్మోనియం మెట్లు వెతుక్కుంటున్నాయి. నడుమకొచ్చేసరికి వేళ్లు తడబడ్డాయి. ఆఖరి "రావయ్య" దగ్గర పూర్తిగా ఆగిపోయాయి. ఎవరో తెలీని మనిషి ఇంట్లోకి వస్తే చూసినట్టు స్పీకర్ వైపు చూశాడు.

పాట ఆగింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. విపంచి మాటలు ముందు వరసకి వినబడ్డాయి కాబోలు, బంగారయ్య కండువా నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు.

బావ నా వైపు తిరిగాడు. "బాగా పాడిందా?" అని అడిగాడు.

"పాడింది" అన్నాను.

మర్నాడు పొద్దున్న బావ ఎప్పటిలాగే లేచాడు, మొహం కడుక్కున్నాడు, కాఫీలో పంచదార తక్కువైందని నన్ను సాధించాడు. మనిషికి ఏమీ కాలేదనుకుని నేను మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాను. గ్లాసు కింద పెట్టి, అక్క ఫోటో వైపు చూస్తూ చెప్పాడు. "కల్లోకి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఏదో అంటోంది. నోరు కదులుతోంది గాని ఏటంటోందో వినబడట్లేదు. ఏటే, ఏటే అని అడుగుతూనే ఉన్నాను."

విపంచి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. రాత్రి రికార్డు చేసినది తెచ్చి టేబులు మీద పెట్టింది. "వింటావా నాన్నా?"

"పెట్టు."

పెట్టింది. మైదానం గోల, వేరుశనక్కాయలవాడు, "వీడొకడు" అనిపించే హార్మోనియం. ఆ తర్వాత అక్క. బావ ముందుకి వంగి, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు. నేను ఆయన మొహంలో ఏదైనా కదులుతుందేమో అని చూస్తున్నాను. శ్రద్ధ ఉంది. మెచ్చుకోలు ఉంది. కొత్త పాటగాళ్లని వినేటప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

ఆఖర్న కుర్రాడి కేక వచ్చింది. "ఇది నేను" అన్నాడు బావ వెంటనే. "ఎంత పొగరు చూడు గొంతులో!" కూతురి వైపు తిరిగి, "ఆవిడేనా మీ అమ్మ?" అన్నాడు.

"అవును నాన్నా."

"అవునులే. నువ్వు చెప్పావు కదా." టేబులు అంచు పట్టుకున్నాడు. "మంచి గొంతు. చాలా మంచి గొంతు." తర్వాత సిగ్గుపడుతున్నట్టు, మెల్లిగా, కూతురి మొహంలోకి చూడకుండా అన్నాడు. "వన్స్ మోర్."

విపంచి మళ్లీ పెట్టింది. ఈసారి అక్క రెండోసారి పాడినది. మొదటి చరణం గడిచేసరికి ఆయన వేళ్లు టేబులు మీద కదలడం మొదలెట్టాయి. శ్రుతి పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, తల ఊపుతూ, ఎదురుగా లేని హార్మోనియం వాయించుకుంటూ అక్క వెంట చివరిదాకా వెళ్లాడు. "రావయ్య" అని మూడోసారి పిలిచినప్పుడు మూసిన కళ్లలోంచే నీళ్లు కారాయి.

పాట అయిపోయాక కళ్లు తెరిచాడు. ఆ కళ్లలో ఉన్నది నాకు తెలుసు. రంగు కడుగుతుంటే వచ్చి నన్ను పట్టుకున్ననాడు చూశాను దాన్ని.

"పైడీ" అన్నాడు. "ఈ అమ్మాయికి పెళ్లయిందా?"

తెలిసి అడిగాడో తెలీక అడిగాడో నేను ఇప్పటికీ చెప్పలేను. విపంచి మొహం చేతుల్లో దాచేసుకుంది. నేను కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆయన పక్కన కూర్చున్నాను.

"అయింది బావా" అన్నాను. "హార్మోనియం వాయించేవాడికే ఇచ్చాం."